నేడు నాటే మొక్క రేపటి ఎండకు నిలిచేదేనా?
మర్రిగూడ చెలకలకు ఏ చెట్టు తగును - పరిశోధనలు చెబుతున్నదేమిటి

మర్రిగూడ: వానకాలం మొదలై నేల ఒకసారి బాగా తడిసిందంటే గ్రామ పంచాయతీ నర్సరీల వద్ద సందడి మొదలవుతుంది. నల్ల సంచులలో పెరిగిన మొక్కలు ట్రాక్టర్లకెక్కి బడికి, గుడికి, రోడ్డు పక్కకు, పొలం ఒడ్లకు చేరుతాయి. గుంత తీయడం, మొక్క పెట్టడం, చుట్టూ ముళ్లకంప కట్టడం ఒక్క పూటలో అయిపోతుంది. అయితే ఆ మొక్క ఆ చోటికి సరిపడినదా కాదా అన్నది తేలడానికి మాత్రం ఏడెనిమిదేళ్లు పడుతుంది.

జొన్న విత్తి తప్పయితే ఒక పంట పోతుంది. మరుసటి ఏడు కందియో ఆముదమో వేసుకుని రైతు సర్దుకుంటాడు. చెట్టు విషయంలో తప్పు జరిగితే పదేళ్ల కాలం పోతుంది, ఆ పదేళ్లు చెట్టు తాగిన నీరు పోతుంది, ఆ జాగా కూడా పోతుంది. పైగా ఈ ఏడు నాటిన చింత మొక్క నిండుగా కాపుకు వచ్చి పిల్లల చేతికి అందే కాలానికి, అంటే 2050 ప్రాంతానికి, ఇక్కడి ఎండలు, వానలు ఇప్పటిలా ఉండబోవు. కాబట్టి ఏ చెట్టు నాటాలన్న ప్రశ్నకు తాతల అనుభవం ఒక్కటే చాలదు. రేపటి వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉన్నది.

చెలక నేల, చాలని వాన

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాల నేలలలో ఎక్కువ భాగం ఎర్ర చెలకలు. పైన జానెడో మూరెడో ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద నల్లరాతి పొర. కురిసిన నీరు త్వరగా జారిపోతుంది, ఆగిన నీరు త్వరగా ఆరిపోతుంది. నల్లగొండ జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 700 నుండి 750 మిల్లీమీటర్లు. సగటు లెక్క అలా ఉన్నా, కురవవలసిన రోజులలో కురవకపోవడం, కురిసినప్పుడు ఒక్కసారే కుంభవృష్టిగా కురవడం ఇక్కడి రైతుకు కొత్త కాదు.

ఊట బావులు ఎండిన కొద్దీ బోర్లు లోతుకు పోయాయి. బోరు లోతుకు పోయిన కొద్దీ రాతి పొరలలోని ఫ్లోరైడ్ నీటిలో కలిసి పైకి వచ్చింది. వంగిన నడుములు, వంకర తిరిగిన కాళ్లు ఈ ప్రాంతానికి తెచ్చిపెట్టిన పేరు దేశమంతా ఎరిగినదే. 2016లో ప్రారంభమయిన మిషన్ భగీరథ పథకం ద్వారా తాగునీటికి నది నీరు అందుతున్నది. అయితే పొలానికి, తోటకు ఆధారం ఇప్పటికీ భూమిలోని నీరే. బోరు ఎండి, ఏళ్ల తరబడి పెంచిన బత్తాయి తోటను కంటి ముందే నరికివేసుకున్న రైతులు జిల్లాలో ఎందరో ఉన్నారు. అందువలన ఇక్కడ ఏ చెట్టు గురించి మాట్లాడినా మొదట అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ చెట్టు ఎంత నీరు తాగుతుంది? ఆ నీరు ఎక్కడి నుండి తెచ్చుకుంటుంది?

మన దేశంలో సగటు ఉష్ణోగ్రత 1901 నుండి 2018 వరకు సుమారు 0.7 డిగ్రీల సెల్సియస్ పెరిగిందని కేంద్ర ప్రభుత్వ భూ విజ్ఞాన శాఖ 2020లో వెలువరించిన నివేదిక తెలిపింది. వినడానికి ఇది స్వల్పమే. కాని సగటు కొద్దిగా జరిగితే వడగాలుల రోజులు పెరుగుతాయి, వానకూ వానకూ నడుమ ఎడం పెరుగుతుంది, కురిసే వాన తక్కువ రోజులలో ఎక్కువగా కురుస్తుంది. 2015 మే నెల వడగాలులు రెండు తెలుగు రాష్ట్రాలలో వందల మంది ప్రాణాలు తీశాయి. అదే ఏడు తెలంగాణలో 231 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు. మనిషికి నీడ ఉంటుంది, పశువుకు కొట్టం ఉంటుంది. చెట్టు మాత్రం నాటిన చోటనే నిలబడి అన్నిటినీ భరించాలి.

ఒక్కో కాలానికి ఒక్కో 'అద్భుత వృక్షం'

చెట్ల ఎంపికలో తొందరపాటు ఎటువంటి ఫలితమిస్తుందో తెలుగువారికి చాలా కాలంగా అనుభవమే. వంట చెరకు కొరత తీర్చడానికి అప్పటి మద్రాసు రాష్ట్ర అటవీ శాఖ విదేశం నుండి సర్కారు తుమ్మ విత్తనం తెప్పించి, 1877లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటించింది. కరువును తట్టుకున్నది, పొయ్యిలోకి కట్టె ఇచ్చింది, బొగ్గు బట్టీలకు పనికి వచ్చింది. అందులో సందేహం లేదు. కాని మేకలు కాయలు తిని విత్తనాన్ని ఊరూరా మోయగా అది చెరువు శిఖాలను, వాగు ఒడ్లను, బీళ్లను ఆక్రమించింది. నాటిన వారు పోయారు, నాటించిన ప్రభుత్వం పోయింది, చెట్టు మాత్రం దాదాపు నూటయాభై ఏళ్లుగా పాతుకుని ఉన్నది. చెట్టును ఎంచుకోవడం సులభమే గాని, వద్దనుకున్నప్పుడు వదిలించుకోవడం సులభం కాదని సర్కారు తుమ్మ నేర్పిన పాఠం.

ఆ తర్వాత 1970, 80 దశకాలలో సుబాబుల్ వంతు వచ్చింది. మెక్సికో ప్రాంతానికి చెందిన ఈ చెట్టు పశువులకు మేత, పొయ్యికి కట్టె, కాగితపు మిల్లుకు గుజ్జు, భూమికి నత్రజని ఇస్తుందని ఎంతో ప్రచారం జరిగింది. అది చెప్పిన గుణాలు చాలావరకు నిజమే. అయితే దాని పుట్టింటి నుండే బయలుదేరిన ఒక చిన్న రసం పీల్చే పురుగు పసిఫిక్ దీవులు, ఆసియా దేశాలు దాటుకుంటూ 1988 నాటికి భారతదేశం చేరి లేత చిగుళ్లను మాడ్చివేసింది. ఎక్కడ చూసినా ఒకే జాతి, ఒకే రకం నాటితే పురుగుకు వడ్డించిన విస్తరి అవుతుందని అప్పుడు తేలింది. నల్లరేగడి, లోతైన నేలలు ఉన్న జిల్లాలలో సుబాబుల్ మళ్లీ నిలదొక్కుకున్నది. మొరం చెలకలలో మాత్రం ఆశించినంత ఎదగలేదు.

2003 తర్వాత డీజిల్ గింజల చెట్టు అంటూ అడవి ఆముదం (జట్రోఫా) ముందుకు వచ్చింది. ఏ బీడులోనైనా, నీరు లేకున్నా కాస్తుందని చెప్పారు. బీడులో మొక్క బతకడం వేరు, రైతుకు గిట్టుబాటయ్యేంత కాయ కాయడం వేరు అని కొన్ని ఏళ్లలోనే స్పష్టమయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ తర్వాత దృష్టి మన కానుగ వైపు మళ్లింది. ఇక ఇటీవలి సంగతి కోనోకార్పస్. రోడ్ల నడుమ, కార్యాలయాల ముందు ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుందని విరివిగా నాటిన ఈ పరదేశపు మొక్కను పెంచవద్దని తెలంగాణలో నర్సరీలకు ఆదేశాలు వెళ్లాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దీనిని నిషేధించింది.

ఈ నాలుగు చెట్లలో ఏదీ స్వతహాగా చెడ్డది కాదు. తమ సొంత గడ్డపై అవి మంచి చెట్లే. తప్పు ఎక్కడ జరిగిందంటే, ఒక చోట బాగున్నదానిని పరీక్షించకుండా అన్ని చోట్లకు ఒకేసారి తరలించడంలోనే.

వేపను కూడా నమ్మి ఊరుకోలేము

అయితే మన నాటు చెట్లు పెట్టుకుంటే చాలునా అంటే, అదీ పూర్తి సమాధానం కాదు. 2021లో తెలంగాణ అంతటా వేప చెట్లు కొమ్మల చివరల నుండి మాడిపోవడం ఊరూరా చూసినదే. ఎండాకాలం కాని రోజులలో పచ్చని వేప ఎర్రబారి నిలబడితే గ్రామాలలో కీడు శంకించిన వారు కూడా ఉన్నారు. అది కీడు కాదనీ, ఒక శిలీంధ్రం వలన కలిగే కొమ్మ ఎండు తెగులనీ, లేత చిగురు రసం పీల్చే తేయాకు దోమ గాయపరచిన చోట ఈ తెగులు సులభంగా ప్రవేశిస్తున్నదనీ శాస్త్రవేత్తలు తేల్చారు. డెహ్రాడూన్ ప్రాంతంలో 1990లలోనే ఈ తెగులును గుర్తించారు. చాలా చెట్లు తర్వాత మళ్లీ చిగిర్చాయి. వేపకున్న ఓర్పు అటువంటిది.

కాని హెచ్చరిక హెచ్చరికే. వాతావరణం మారినప్పుడు చెట్టు ఒక్కటే మారదు, పురుగు కూడా మారుతుంది, తెగులు కూడా మారుతుంది. ఊరిలోని నూరు చెట్లలో తొంభై వేపలే అయితే ఒక్క తెగులుతో ఊరి నీడంతా పోవచ్చు. అదే పది పన్నెండు జాతులు కలిసి ఉంటే ఒకటి దెబ్బ తిన్నా మిగిలినవి నిలుస్తాయి. చెలకలో కందిని, జొన్నను, పెసరను కలిపి విత్తిన పెద్దలు ఎరిగిన లెక్క ఇదే.

చెట్టు పరీక్ష ఎలా జరుగుతుంది?

వరి రకాన్ని పరీక్షించడానికి నాలుగైదు ఏళ్లు చాలు. చెట్టును పరీక్షించడానికి ఒక శాస్త్రవేత్త ఉద్యోగ కాలమంతా పట్టవచ్చు. పద్ధతి మాత్రం రైతుకు తెలియనిదేమీ కాదు.

ముందుగా అడవులలో, పొలాలలో తిరిగి మేలైన తల్లి చెట్లను గుర్తిస్తారు. చుట్టూ ఉన్న అదే ఈడు చెట్లకంటె నిటారుగా, ఆరోగ్యంగా, ఎక్కువ కాపుతో ఉన్న చెట్టుకు గుర్తు వేస్తారు. వేరు వేరు జిల్లాల తల్లి చెట్ల విత్తనాన్ని వేరు వేరుగా మొలిపించి, ఒకే చేనులో మడులు మడులుగా నాటుతారు. ఒక రకాన్ని ఒకే మడిలో పెడితే ఆ మడి మట్టి మంచిదో, రకం మంచిదో తెలియదు గనుక ప్రతి రకాన్ని చేనులో నాలుగైదు చోట్ల చీటీలు వేసినట్లు పంచి పెడతారు. మొదటి ఏడాది ఎన్ని బతికాయి, మూడో ఏడాది ఎంత ఎత్తు, పదో ఏడాది ఎంత చుట్టుకొలత, ఎంత కాపు అని లెక్క రాస్తూ పోతారు. మంచి వానలున్న ఏళ్లలో అన్ని రకాలు బాగానే ఉంటాయి. అసలు పరీక్ష కరువు ఏడాదిలోనే జరుగుతుంది.

ఈ విధమైన పరిశోధనకు మన ప్రాంతంలో కేంద్రాలు ఉన్నాయి. హైదరాబాదు సంతోష్‌నగర్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ (క్రీడా) 1985లో ఏర్పడినది. మర్రిగూడ నుండి మాల్ మీదుగా సాగర్ రోడ్డు పట్టి పట్నం వైపు వెళ్లే వారికి దారిలోనే తగిలే యాచారం మండలం గున్‌గల్‌లో ఆ సంస్థకు పరిశోధనా క్షేత్రం ఉన్నది. హయత్‌నగర్‌లో మరొకటి ఉన్నది. ఎర్ర చెలకలలో పంటల నడుమ చెట్లు, కానుగ, రేగు, సీతాఫలం వంటి వాటిపై అక్కడ పరిశోధనలు జరిగాయి. దూలపల్లిలో అటవీ జీవ వైవిధ్య సంస్థ, సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల, రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయపు వన వ్యవసాయ పరిశోధనా విభాగం కూడా ఇదే రంగంలో పని చేస్తున్నాయి. పొలాలలో చెట్ల పెంపకానికి ప్రత్యేకంగా ఒక జాతీయ విధానం ఉండాలని కేంద్రం గుర్తించి 2014లో దానిని ప్రకటించింది.

పేరు ఒకటే, పుట్టుక వేరు

ఈ పరిశోధనలలో తేలిన ముఖ్య విషయం ఒకటి రైతులకు తప్పక తెలియవలసి ఉన్నది. వేప అంటే ఒకే వేప కాదు, టేకు అంటే ఒకే టేకు కాదు. ఎక్కువ వానలు కురిసే చోటి తల్లి చెట్టు విత్తనం, ఎండు ప్రాంతపు తల్లి చెట్టు విత్తనం చూడడానికి ఒకే తీరుగా ఉన్నా, వాటి నుండి వచ్చిన మొక్కల ఓర్పు ఒకే తీరుగా ఉండదు. 1990లలో పలు దేశాలు కలిసి వేరు వేరు చోట్ల వేప విత్తనాలను ఇచ్చిపుచ్చుకుని పరీక్షలు జరిపాయి. ఆస్ట్రేలియాలోని వేరు వేరు చోట్ల నుండి తెచ్చిన నీలగిరి (యూకలిప్టస్) విత్తనాలను చిత్తూరు జిల్లాలో అప్పుడుండిన సత్యవేడు వద్ద నాటి పరీక్షించారు. ఎదుగుదల పుట్టిన చోటును బట్టి ఎంతో తేడాగా ఉన్నట్లు ఇటువంటి పరీక్షలలో కనిపించింది.

ఇప్పుడు ఇదే విషయాన్ని వాతావరణ మార్పుకు అన్వయిస్తున్నారు. చల్లని బ్రిటన్‌లో అటవీ పరిశోధకులు ఒక కొత్త సలహా ఇస్తున్నారు. తమ ఊరి విత్తనంతో బాటు, తమకంటె 2 నుండి 5 డిగ్రీల అక్షాంశం దక్షిణాన, అంటే కొంత వెచ్చని ప్రాంతాలలో పెరిగిన చెట్ల విత్తనాన్ని కూడా కలిపి నాటుకోవలసిందిగా చెబుతున్నారు. రేపు తమ దేశం అలా వెచ్చబడుతుంది గనుక, ఆ వెచ్చదనానికి ఈనాడే అలవాటు పడిన చెట్టు నిలుస్తుందని వారి ఆలోచన.

మన దగ్గర దీని అర్థం దక్షిణానికి వెళ్లి విత్తనం తేవడమని కాదు. మనకంటె వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న చోటును వెదకడమని అర్థం. అనంతపురంలో ఏడాది వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అక్కడి మెట్ట నేలలలో తరాలుగా నిలిచిన వేప, చింత, కానుగ విత్తనం మర్రిగూడ చెలకలో ఎలా ఉంటుందో పరీక్షించి చూడదగిన విషయం. అయితే ఇటువంటివి మొత్తం తోటలో కొద్ది భాగంగానే పెట్టి చూడాలి. పరీక్షకు పెట్టినదానిని పంటగా నమ్ముకోరాదు.

మేలైన తల్లి చెట్టు కోసం ప్రతిసారి దూరం పోనవసరం కూడా లేదు. దేశంలో సీతాఫలం తోట వేసే ప్రతి రైతు ఎరిగిన 'బాలానగర్' రకం పాలమూరు జిల్లా బాలానగర్ పేరు మీదనే ప్రసిద్ధికెక్కింది. గుట్టల మీద తనంతట తాను పెరిగే ఫలం నుండి వచ్చిన మేలి రకం అది. చింతలో అనంతపురం జిల్లా రేకులకుంట పరిశోధనా స్థానం నుండి 'అనంత రుధిర', 'తెట్టు అమాలిక' అనే రకాలు వచ్చాయి. ఇవన్నీ ఒకప్పుడు ఎవరో ఒక ఊరి వారు 'ఈ చెట్టు కాయ తీరే వేరు' అని గుర్తించిన చెట్ల సంతతి వంటివే.

నీటి లెక్క

ఇక నీటి సంగతి. నీలగిరి చెట్టు భూమిలోని నీరంతా తాగేస్తుందని ఒక వర్గం, అదంతా అపోహ అని మరొక వర్గం చాలా కాలం వాదించుకున్నాయి. 1990లలో కర్ణాటకలో జరిపిన కొలతలు ఈ వాదనకు కొంత సమాధానం ఇచ్చాయి. లోతు తక్కువ ఉన్న నేలలో నీలగిరి వాడిన నీరు అక్కడి నాటు అడవి వాడిన నీటికంటె ఎక్కువ కాలేదు. కాని హోస్కోటె వద్ద లోతైన నేలలో నాటిన తోట, కొలిచిన మూడేళ్లలో కురిసిన వానకంటె ఎక్కువ నీటిని వాడుకున్నది. అంటే అంతకు ముందు ఏళ్ల నుండి నేలలో దాగిన తేమను వేళ్లు వెదకి తోడుకున్నాయన్న మాట. కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది.

భద్రాచలం కాగితపు మిల్లు వారు 1989 నుండి మేలైన నీలగిరి చెట్ల కొమ్మ మొక్కలను తయారు చేయించి రైతులకు ఇవ్వగా, గోదావరి తీరపు జిల్లాలలో దిగుబడి బాగా పెరిగిన మాట వాస్తవమే. అక్కడి వాన వేరు, అక్కడి నేల వేరు. ఖమ్మం రైతు లాభపడ్డాడని విని మర్రిగూడ రైతు అదే మొక్కను బావి పక్కన బారులు తీర్చి నాటుకుంటే లెక్క తప్పుతుంది.

అలాగని చెట్లే లేకుండా చేస్తే నీరు మిగులుతుందా? మిగలదని 2016లో ప్రచురితమయిన ఒక పరిశోధన చెబుతున్నది. పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో మన వంటి మెట్ట దేశమే. అక్కడ జొన్న చేలలో అక్కడక్కడ చెట్లుండే పొలాలను పరిశీలించారు. చెట్లు మరీ ఒత్తుగా ఉన్న చోట నీరంతా చెట్లే తాగివేశాయి. చెట్లే లేని చోట నేల గట్టిపడి వాన నీరు పై నుండే జారిపోయింది. ఎడం ఎడంగా చెట్లున్న చోట మాత్రం వేళ్లు, ఆకు చెత్త, చెదలు, వానపాములు నేలను గుల్ల చేయగా ఎక్కువ నీరు లోపలికి ఇంకింది. చేలలో ఎడం ఎడంగా చెట్లు, ఒడ్ల మీద వరుసలు అన్న మన పాత పద్ధతికి ఇది శాస్త్రం చెప్పిన సాక్ష్యం.

ఏ నేలకు ఏ చెట్టు?

పరిశోధనలను, రైతుల అనుభవాన్ని కలిపి చూస్తే ఈ ప్రాంతానికి కొన్ని సంగతులు స్థూలంగా చెప్పవచ్చును.

మొరం తేలిన గుట్ట వార నేలలకు సీతాఫలం, రేగు, ఉసిరి తగినవి. నాటు రేగు వేరు మీద మేలి రకం అంటు కడితే తక్కువ తేమతోనే కాపు వస్తుంది. ఇటువంటి చోట టేకు నాటితే బతకవచ్చు గాని కలప కాదు. టేకుకు లోతుగా, నీరు నిలవకుండా ఉండే నేల కావాలి.

చెలకల ఒడ్లకు వేప, కానుగ, చింత, నేరేడు, దిరిసెన మొదలైనవి కలిపి, ఎడంగా నాటుకోవాలి. కానుగ పప్పు జాతి చెట్టు గనుక నత్రజనిని కూడగట్టుకుంటుంది, దాని ఆకు ఎరువుకు పనికి వస్తుంది. పశువులు దానిని అంతగా ముట్టవు.

చెరువు శిఖం, కుంటల అంచులకు నల్లతుమ్మ అనువైనది. కొన్నాళ్లు నీట మునిగినా ఓర్చుకుంటుంది. చెరువు కట్టల కింద ఈత, తాడి పెంచితే గీత వృత్తి వారికి ఆదరువు అవుతుంది.

శ్రీగంధంపై ఆశ పెట్టుకున్నవారు ఒక సంగతి గమనించాలి. అది ఒంటరిగా పెరిగే చెట్టు కాదు. పక్క చెట్ల వేళ్ల నుండి కొంత ఆహారం తీసుకుంటుంది. మొదట కంది, తర్వాత మరో చెట్టు తోడుగా ఉండాలి. చేవ కట్టడానికి పదిహేను ఏళ్లకు తక్కువ పట్టదు, కాపలా ఖర్చు అదనం.

ఊరి నడుమ, బడి ఆవరణలో మర్రి, రావి, జువ్వి, మేడి వంటివి ఒకటో రెండో ఉండి తీరాలి. పక్షికి తిండి, మనిషికి నీడ ఇచ్చే చెట్లు అవి. బావికి, గోడకు మాత్రం దూరంగా పెట్టాలి.

సంచిలోనే మొదలయ్యే నష్టం

మంచి జాతిని ఎంచుకున్నా మొక్క చచ్చిపోవడానికి నర్సరీ సంచి ఒక కారణం. ఎక్కువ కాలం సంచిలో ఉండిపోయిన మొక్క తల్లి వేరు అడుగున చుట్టలు చుట్టుకుంటుంది. అటువంటి మొక్క రెండేళ్లు బాగానే కనిపించి, మొదటి గట్టి ఎండలకు పడిపోతుంది. వేరు నేరుగా లోతుకు దిగనప్పుడు అది ఎంత కరువు జాతి అయినా ప్రయోజనం లేదు. తీసుకునేటప్పుడు ఎత్తు చూసి మురిసిపోక, సంచి అడుగు చూడాలి. చుట్టుకున్న వేరును పదునైన కత్తితో కోసి నాటాలి.

గుంతలు ఎండాకాలంలోనే తీసి ఎండనివ్వడం, తొలి వానలకు పై మట్టి, పశువుల ఎరువు కలిపి నింపడం, నేల బాగా తడిసిన తర్వాత నాటడం, వాలుకు అడ్డంగా అర్ధచంద్రాకారంలో చిన్న కట్ట వేయడం, మొదలు చుట్టూ ఎండుగడ్డి పరచడం - ఈ పనులన్నిటికీ పెద్ద ఖర్చు లేదు. మొదటి రెండు ఎండాకాలాలు గట్టెక్కిస్తే మెట్ట జాతులు ఆ తర్వాత తమ దారి తామే చూసుకుంటాయి. ఒడ్ల మీద తనంతట తాను మొలిచిన వేప, మోదుగ, రేగు మోడులను ఏటా నరకక, ఒక్క కొమ్మను ఉంచి తక్కినవి కత్తిరిస్తే అదే చెట్టవుతుంది. ఆఫ్రికాలోని నైజర్ దేశపు రైతులు 1980ల నుండి ఈ పద్ధతిలోనే లక్షల ఎకరాల పొలాలలో చెట్లను తిరిగి నిలబెట్టారు. నాటని చెట్టుకు సంచి వేరు బాధ లేదు.

ఊరే పరీక్షా క్షేత్రం

2015లో మొదలయిన హరితహారం లక్ష్యం రాష్ట్రంలో 230 కోట్ల మొక్కలు. 2018 పంచాయతీరాజ్ చట్టం మొక్కలు బతికించే బాధ్యతను గ్రామాల మీద కూడా పెట్టింది. ఇప్పుడు వన మహోత్సవం పేరుతో నాటడం కొనసాగుతున్నది. ఎన్ని నాటాము అన్న లెక్క ప్రతి పంచాయతీలో ఉంటుంది. ఏ జాతి ఎన్ని నాటితే అయిదేళ్లకు ఎన్ని మిగిలాయి, అవి ఏ నేలలో ఉన్నాయి అన్న లెక్క కూడా ఉంటే, ఆ పుస్తకమే ఊరికి పరిశోధనా నివేదిక అవుతుంది. బడి పిల్లలు ఏటా ఒకరోజు లెక్కించి రాయగలిగిన పని అది.

అలాగే 2015 కరువులో ఊరి చెట్లు కొన్ని ఎండిపోగా, వాటి పక్కనే కొన్ని పచ్చగా నిలిచాయి. వేప తెగులు వచ్చినప్పుడు కూడా కొన్ని వేపలకు ఏమీ కాలేదు. ఆ నిలిచిన చెట్లు ఏవో పశువులు కాసేవారికి, పొలం పనులకు పోయే ఆడవారికి తెలుసు. వాటికి గుర్తు వేసి, ఒకే చెట్టు నుండి కాక పది పదిహేను చెట్ల నుండి విత్తనం సేకరించి నర్సరీకి ఇస్తే, ఊరి నేలకు, ఊరి ఎండకు ఓర్చుకున్న మొక్క ఊరిలోనే తయారవుతుంది. ఎక్కడిదో తెలియని విత్తనంతో సంచులు నింపడంకంటె ఇది మేలు.

మహబూబ్‌నగర్ పక్కన ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే పిల్లలమర్రి 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగి, చెదలు పట్టి ప్రమాదంలో పడింది. 2018లో అటవీ శాఖ వారు ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్లు సీసాలతో మందు ఎక్కించి, ఊడలకు ఆధారాలు కట్టి దానిని కాపాడుకున్నారు. ఒక చెట్టు బతికి ఉన్నంత కాలంలో ఎన్ని కరువులు, ఎన్ని రాజ్యాలు వచ్చి పోయాయో లెక్క లేదు. దానిని నాటినవారు ఎవరో తెలియదు గాని, చోటు మాత్రం సరిగా చూసి నాటారు.

పేరులోనే మర్రి ఉన్న ఈ మండలంలో వచ్చే వానకాలానికి నర్సరీ సంచులు మళ్లీ సిద్ధమవుతాయి. వాటిలో ఏ విత్తనం పడాలన్నది విత్తనాలు సేకరించే ఎండాకాలంలోనే తేల్చుకోవలసిన విషయం. గ్రామ సభలో ఈ ఒక్క ప్రశ్నకు అరగంట కేటాయించగలిగితే ముప్పై ఏళ్ల తర్వాతి ఊరి నీడ అక్కడ నిర్ణయమవుతుంది.